కల్వం అడుగున మిగిలింది

మా కింది వాటాలో ఉండే అమ్మాయిని వీధంతా బిళ్ళలమ్మాయి అంటుంది. పరిశోధనశాలలో పొడులు నూరి, కొలిమిలో కాల్చి బొత్తాలంత బిళ్ళలు చేస్తుంది. ఆ బిళ్ళకు ఒకవైపు వేడి, మరోవైపు చల్లదనం తగిలితే కరెంటు పుడుతుందట.

"పొయ్యి దగ్గర వృథాగా పోయే సెగతో దీపం వెలిగించొచ్చు పిన్నీ" అంది ఓసారి.

"అయితే మీ బాబాయి నెత్తికి ఓ బిళ్ళ అంటించవే. ఆయన కోపానికి వీధి దీపాలన్నీ వెలుగుతాయి."

నవ్వింది గాని ఎక్కువసేపు కాదు. వాళ్ళమ్మ చెంబుతో గడప బయట నిలబడి ఉంది. రోజూ అంతే. పిల్ల పని నుంచి రాగానే మోచేతుల దాకా నీళ్ళు పోసి, గోళ్ళు చూసి గాని లోపలికి రానివ్వదు. ఆరా తీయకుండా ఉండగలనా! అడిగేశాను.

ఆమె భర్త పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాడు. ఆ దుమ్ముతోనే ఇంటికొచ్చి, ఆ చేత్తోనే కూతురికి ముద్దలు పెట్టేవాడు. నోరంతా చిలుము పట్టినట్టుందనేవాడు. పోనుపోను మణికట్లు వాలిపోయాయి. చనిపోయే ముందు కూతుర్ని చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నాడట.

"కడుక్కోవాలని అప్పుడెవరూ చెప్పలేదక్కా" అంది ఆమె.

మంచి కరెంటునిచ్చే పాత రకం బిళ్ళల్లో సీసమే ఉంటుంది. అది లేకుండా తగరంతో చేస్తానని పిల్ల పట్టు. ఈ ఏడు ఫలితం రాకపోతే మళ్ళీ సీసానికే పోదామని పరిశోధనశాల పెద్దసారు తేల్చేశాడు.

ఒక సాయంత్రం వచ్చి మెట్ల మీద కూలబడింది. బిళ్ళ అదరగొట్టిందట, పెద్దసారు మిఠాయి పంచాడట.

"మరి ఆ మొహమేమిటే?"

"నోరు చిలుముగా ఉంది పిన్నీ. నూరుతున్నంతసేపూ నాన్న వెనక నిలబడ్డట్టే ఉంది."

"ఏడిశావులే, మిఠాయి ఎక్కువ మింగుంటావు" అన్నానే గాని వాళ్ళ నాన్న మాటే గుర్తొచ్చింది.

మర్నాడు బిళ్ళను ముక్క చేసి తనే పరీక్షకిచ్చింది. సీసం ఉంది! తను పొడులు నూరే కల్వం పగిలితే, మూలనున్న పాతదాన్ని ఆమ్లంతో కడిగి వాడిందట. ఎప్పుడో ఎవరో అందులో సీసం రకం నూరారు. అడుగు పగుళ్ళలో అది అలాగే దాక్కుని ఉంది.

"రవ్వంతే కదమ్మా, పనిచేస్తోందిగా. ఊరుకో" అన్నాడట పెద్దసారు.

"మా ఇంట్లోకీ రోజుకి రవ్వంతే వచ్చింది సార్" అందట.

ఆయన వెంటనే కొత్త కల్వం తెప్పించాడు.

ఈసారి బిళ్ళలు కాస్త నీరసంగానే ఉన్నాయి గాని, పరీక్షలో సీసం జాడ లేదు. రెండు పింగాణీ పలకల మధ్య వాటిని అమర్చి తెచ్చి మాకు చూపించింది. కింద మరిగే నీళ్ళ గిన్నె, పైన మంచుముక్కల పళ్ళెం. మిణుగురంత దీపం వెలిగింది. ఇది చాలు, సీసం జోలికి పోవద్దన్నాడట పెద్దసారు.

ఆ రోజు కూడా వాళ్ళమ్మ చెంబుతో బయటికి పిలిచింది.

"ఇందులో సీసం లేదమ్మా!"

"తెలుసులే. చేతులు చాపు."

పిల్ల చేతులు కడిగింది. మిగిలిన నీళ్ళు పారబోయలేదు. పక్కన ఖాళీ మెట్టు మీద సన్నటి ధారగా పోస్తూ నిలబడింది, అక్కడ ఇంకెవరివో చేతులు చాచి ఉన్నట్టు.