ట్యాంకు కింద ఆవాలు

తొర్రూరులో మా ఇంటి కిటికీ పక్కన కూర్చొని, రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకును జానెడు బొమ్మగా తయారుచేశాను. అసలుదానిలో ముప్పై ఐదో వంతు. చక్రాల మీది గొలుసును ఒక్కో ముక్కా పట్టకారుతో కలిపి, నిజంగా తిరిగేలా చేశాను. తుప్పు మరకలు సన్నటి కుంచెతో దిద్దాను. చివరికి మా పత్తి చేనులోని నల్లమట్టిని పలచటి బట్టలో జల్లించి పూశాను.

దసరా పొద్దున చూస్తే దాని నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు. నా భార్య స్కూటరుకు, కుట్టుమిషనుకు పూజ చేస్తూ దీన్నీ వదల్లేదు. నాకు ఒళ్లు మండింది.

"గిదేం పనే? రంగంత ఖరాబైంది!"

"బండి గాదా మరి? నిమ్మకాయలు గూడ పెట్టిన, చూడుండ్రి."

నిమ్మకాయలు ఎక్కడా కనబడలేదు. భూతద్దం తీసుకొని వంగాను. రెండు గొలుసుల ముందూ ఒక్కో ఆవగింజ ఉంది.

ఆ ట్యాంకుకు నిమ్మకాయ సరిగ్గా అంతే ఉంటుంది. నెలల తరబడి నేను కొలిచి కొలిచి చేసిన బొమ్మ, ఆ రెండు గింజల ముందు ఒక్కసారిగా గదిలో పట్టనంత పెద్దదైపోయింది.

"ఇగ తొక్కియ్యుండ్రి. లోపలున్నోళ్లు పైలంగ పోయి రావాలె గద."

లోపలున్నవాళ్లు! పైమూత అతికించింది నేనే. లోపల మనుషులుంటారని ఒక్కనాడూ తోచలేదు.

వాళ్లకు కుదుపు తగలకుండా, ఊపిరి బిగబట్టి వేలితో నెట్టాను. ఆవాలు చిటుక్కుమన్నాయి.