గెలిచిన గడ్డం

మా తాత రొసేర్ బెలిల్ మా ఊరి మంచు హాకీ జట్టుకి ముప్ఫై ఎనిమిదేళ్ళు గడ్డాలు గీశాడు. వాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా గెలిచిన గడ్డం కాదు.

మార్చి నెల వచ్చిందంటే మా ఊరు సాంత్-ఒడీల్‌లో మగాళ్ళు కత్తి ముట్టరు. కప్పు పోటీలు మొదలైన రోజు నుంచి ఆటగాళ్ళు గడ్డం పెంచుతారు, పోటీ ముగిసేదాకా గీయించుకోరు. ఆటగాళ్ళు పెంచారు కదా అని కాగితం మిల్లువాళ్ళు పెంచుతారు, పోస్టుమాస్టరు పెంచుతాడు, చర్చి ఫాదర్ పెంచుతాడు. జట్టు ఓడిన మర్నాడు పొద్దున్నే ఏడింటికి ఆటగాళ్ళంతా తలకాయలు వేలాడేసుకుని తాత సెలూన్‌కి వస్తారు. ముందు కెప్టెన్ కూర్చుంటాడు. అతని వెనక మిగతావాళ్ళు. ఇదీ పద్ధతి.

ఆ పొద్దుటి పూటల్లో తాత నోరు విప్పడు. మామూలు రోజుల్లో ఆయన నోరు మూయించాలంటే సబ్బు నురగ కూరాలి, అది వేరే సంగతి. కత్తి పట్టేముందు మొహం మీద వేడి తువ్వాలు వేస్తాడు. మామూలుగా అయితే రెండు నిమిషాలు. ఓడిన మర్నాడు అయిదు నిమిషాలు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "గడ్డం మెత్తబడొద్దూ?" అన్నాడు. నిజమేననుకున్నాను. పదిహేనేళ్ళు వచ్చాక గానీ నాకు బుర్ర వెలగలేదు. తువ్వాలు కింద ఏడ్చుకుంటే ఎవరికీ కనబడదు. నూటపది కిలోల మనిషి భుజాలు ఆ తువ్వాలు కింద ఎగిరెగిరి పడటం నేను కళ్ళారా చూశాను. తాత మాత్రం కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, నూరిన కత్తినే మళ్ళీ నూరుతూ నిలబడతాడు.

"శవాలకి గడ్డం గీసేవాడికీ నీకూ తేడా ఏముందయ్యా?" అని మా ఫ్లోరెట్ మామ్మ ప్రతి ఏడూ అడిగేది.

"శవాలు మళ్ళీ ఏడాదికి రావు, ఫ్లోరెట్. వీళ్ళొస్తారు."

ముప్ఫై ఎనిమిదో ఏడు చలికాలంలో తాత కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. పొద్దున పూట రాయిలా నిలకడగా ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి కాఫీ కప్పు సాసరు మీద తాళం వేస్తుంది. జూన్‌లో కొట్టు మూసేస్తానని ఒకరోజు భోజనం దగ్గర చెప్పాడు. రొట్టె తుంచుతూ, "మూసేముందు ఒక్కటి కావాలి" అన్నాడు.

"ఏం కావాలి?"

"ఒక్క గెలిచిన గడ్డం గీయాలి. మన కెప్టెన్ మార్సియాల్‌ది అయితే చాలు. నురగ కింద నవ్వుతున్న మొహం ఎలా ఉంటుందో నేను చూడలేదు."

మా జట్టుని చూసి ఆ కోరిక కోరుకోవాలంటే గుండెధైర్యం కావాలి, లేదా చత్వారం ఉండాలి. జట్టు పేరు బూషెరోన్లు, అంటే చెట్లు నరికేవాళ్ళు. కెప్టెన్ మార్సియాల్ దువాల్‌కి ముప్ఫై అయిదేళ్ళు, ముందు పళ్ళు మూడు లేవు, రెండు మోకాళ్ళకీ పట్టీలు. కప్పు పోటీలకి ఎనిమిది జట్లు వెళ్తాయి. మేం ఎనిమిదోవాళ్ళం, అదీ ఆఖరి రోజు ఆఖరి ఆటలో. అలాంటివాళ్ళు రెండు జట్లని ఓడించి ఫైనల్‌కి చేరేసరికి ఊరికి మతిపోయింది.

ఫైనల్ రోయాల్స్ మీద. నది దిగువన ఉన్న మహానగరం వాళ్ళది. మూడేళ్ళుగా కప్పు వాళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళ బస్సులో పడకలున్నాయి, వంటవాడున్నాడు. మా బస్సులో హీటరు ఎడమవైపే పనిచేస్తుంది. వాళ్ళ కెప్టెన్ వేడ్ కార్మోడీ ఆరున్నర అడుగుల మనిషి, గడ్డం రాగి చెంబు రంగు. ఏడు ఆటల్లో ముందు ఎవరు నాలుగు గెలిస్తే కప్పు వాళ్ళది. పత్రికలవాళ్ళు నాలుగు ఆటల్లోనే ముగుస్తుందని రాశారు.

మొదటి ఆట ఒకటికి ఆరు గోల్స్‌తో ఓడాం. మర్నాడు మిల్లు మేస్త్రీ బాటిస్త్ జుట్టు కత్తిరించుకోడానికి వచ్చి తాత మీద పడ్డాడు.

"నీ మొహం వల్లే ఓడాం, రొసేర్! ఊరంతా గడ్డాలు, నీకొక్కడికే పెళ్ళికొడుకు బుగ్గలు! పెంచితే ఏం పోయింది?"

"నేను పెంచితే అద్దంలో చూసుకుని కత్తి పట్టుకుని నా గడ్డం మీదే పడతాను. అలవాటురా నాకు."

కొట్టు వెనక వంటింట్లోంచి మామ్మ, "అదేం కాదు నాయనా. పెంచితే మేకనుకుని తరిమేస్తానని భయం" అంది.

రెండో ఆట అదనపు సమయంలో గెలిచాం. మూడోదీ గెలిచాం. నాలుగోది పోయింది. అయిదోది వాళ్ళ ఊళ్ళోనే గెలిచాం, అదెలాగంటే మార్సియాల్ మంచు మీద బోర్లా పడి ఉండగా ఎవరో కొట్టిన పక్, అదే ఆట ఆడే రబ్బరు బిళ్ళ, ఆయన వీపుకి తగిలి వంకరపోయి గోల్‌లో దూరింది. మా ఊళ్ళో దాన్ని వ్యూహం అన్నారు.

ఇంకొక్కటి గెలిస్తే చాలు. తాతకి నిద్ర పట్టడం మానేసింది. బెలూన్లు కొనుక్కొచ్చి, వాటికి నురగ పూసి, కత్తితో గీస్తూ సాధన మొదలుపెట్టాడు. పొద్దున గీసిన బెలూన్లు బతికి బట్టకట్టాయి. మధ్యాహ్నం గీసినవి పేలాయి. నాలుగోది పేలినప్పుడు మామ్మ చేతిలో గరిటె కుండలో పడింది.

"ఏమయ్యా, ఆ మార్సియాల్ తల కూడా ఇలాగే పేలితే?"

"అందుకే పొద్దున ఏడింటికే గీస్తాను."

ఆరో ఆట శనివారం సాయంత్రం, మా ఊళ్ళోనే. నేను స్టేడియంలో మంచు చదును చేసే బండి నడుపుతాను. నా చదువు పదో తరగతిలో లెక్కలతో తగువుపడి ఆగిపోయింది. ఈ బండికి లెక్కలు అక్కర్లేదు, గుండ్రంగా తిరిగితే చాలు. అందువల్ల బండి గేటు దగ్గర నిలబడి ఆటంతా చూశాను. తాత నా పక్కనే, కొయ్య పెట్టె మీద. స్కోరు చెరి రెండు మీద ఉండగా, ఇంక మూడు నిమిషాలున్నాయనగా మార్సియాల్ గోల్ కొట్టాడు. ఈసారి వీపుతో కాదు, కర్రతోనే. జనం అరుపుకి నా బండి అద్దం వణికింది. ఆఖరి నిమిషం ఎలా గడిచిందో నన్నడక్కండి, కళ్ళు మూసుకున్నాను.

కప్పు మాది.

అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడుస్తున్నారు. రెండు జట్లూ వరస కట్టి చేతులు కలుపుకుంటున్నాయి. తాత మాత్రం గడియారం చూసుకుని లేచాడు.

"ఎక్కడికి తాతా? ఇప్పుడేగా గెలిచింది!"

"నీళ్ళు కాచాలే కోతీ. ఏడింటికల్లా వచ్చేస్తారు."

ఆదివారం తెల్లవారేసరికి కొట్టు అద్దాలు మెరుస్తున్నాయి. ఇరవై రెండు తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉన్నాయి. తాత కొత్త తెల్లకోటు తొడిగాడు. ఏడయింది. ఎనిమిదయింది. తొమ్మిదికి చర్చి గంట మోగింది. తలుపు తోసినవాడు లేడు.

తొమ్మిదిన్నరకి వీధి చివర బాకాలు వినబడ్డాయి. ఎర్ర ఫైరింజన్ మీద జట్టంతా ఎక్కింది. మార్సియాల్ కప్పు నెత్తిమీద పెట్టుకుని ఊగుతున్నాడు. గడ్డంలోంచి బీరు కారుతోంది, రంగు కాగితాలు అంటుకుని ఉన్నాయి. తాత గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపాడు.

"మార్సియాల్! నీళ్ళు కాగాయిరా! రా!"

"గీయించుకోవడమా?" మార్సియాల్ పైనుంచి అరిచాడు. "ఎందుకు మామా? ఓడామా ఏంటి! వేసవంతా ఉంచుకుంటా! చచ్చేదాకా ఉంచుకుంటా!"

ఊరంతా ఘొల్లుమంది. ఫైరింజన్ ముందుకి పోయింది. తాత లోపలికొచ్చి, ఇరవై రెండు తువ్వాళ్ళ వైపు చూశాడు.

మామ్మ మెల్లగా అంది. "గెలిచినవాడు గడ్డం ఎందుకు తీసేసుకుంటాడయ్యా? ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా తట్టలేదా నీకు?"

"నాకేం తెలుసు? ఎప్పుడైనా గెలిచామా?"

నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి ఆపుకున్నాను. ఊళ్ళో ఎవరికీ తెలీదు మరి. గెలిచిన మర్నాడు ఏం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు.

తాత కోటు బొత్తాలు విప్పుతుండగా తలుపు తెరుచుకుంది. తల వంచుకుని గుమ్మం దాటాడు ఒక మనిషి. రాగి చెంబు రంగు గడ్డం. కార్మోడీ! నదిలో మంచు పగిలి గడ్డలు వంతెన కింద ఇరుక్కోవడంతో రాత్రి వంతెన మూసేశారు. రోయాల్స్ బస్సు ఊరు దాటలేక మోటెల్ ముందు నిలబడిపోయింది.

"తెరిచే ఉందా?" అన్నాడు వచ్చీరాని మా భాషలో.

"తెరిచే ఉంది."

"నేనెవరో తెలుసా?"

"గడ్డం ఉన్న మనిషివి. కూర్చో."

తాత బొత్తాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తువ్వాలు పిండి అతని మొహం మీద వేశాడు. కిటికీ వైపు తిరిగి కత్తి నూరడం మొదలుపెట్టాడు. నేను గడియారం చూశాను. అయిదు నిమిషాలు కాదు, ఎనిమిది. దూరంగా బాకాలు వినబడుతూనే ఉన్నాయి. కార్మోడీ భుజాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. మామ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తరవాత కత్తి ఆడింది. అబ్బ, ఎలా ఆడిందని! ఆ గడ్డం కింద బడికెళ్ళే కుర్రాడి చుబుకం బయటపడింది, మధ్యలో చిన్న సొట్టతో సహా. కార్మోడీ అద్దంలో చూసుకుని, చెంప తడుముకుని, "మావాళ్ళు ఇంకా పంతొమ్మిదిమంది ఉన్నారు" అన్నాడు. "మోటెల్‌లో గోడలు చూస్తూ కూర్చున్నారు."

"గోడలు రేపు కూడా ఉంటాయి. పంపించు."

పదింటికల్లా కొట్టు నిండిపోయింది. బల్లల మీద, మెట్ల మీద, కిటికీ గట్టు మీద రోయాల్సే. అందరివీ నేలచూపులే. మామ్మ పెద్ద కుండలో బీన్స్, మేపుల్ చెట్ల పాకం పోసినవి, తెచ్చి మధ్యలో పెట్టింది.

"నిన్నటిదాకా వీళ్ళందరికీ కడుపునొప్పి రావాలని మొక్కుకున్నాను. ఇప్పుడు నేనే వండిపెడుతున్నాను. తినండర్రా, విషం కలపలేదు!"

ఒకడు నవ్వాడు. ఆపైన ఇంకొకడు.

పదకొండింటికి ఊరేగింపు మళ్ళీ మా వీధికే వచ్చింది. మార్సియాల్ ఫైరింజన్ దిగి, గుంపుని వెంటేసుకుని తలుపు తోశాడు. వరసగా కూర్చున్నవాళ్ళని చూశాడు. కుర్చీలో తువ్వాలు కప్పుకున్నవాణ్ణి చూశాడు. టోపీ తీసేశాడు. ఆ తువ్వాలు కింద ఆయన కూడా పదకొండుసార్లు కూర్చున్నాడు మరి.

"మామా," అన్నాడు గొంతు తగ్గించి. "పొద్దున వాగాను, ఏమీ అనుకోకు. ఈయన అవ్వగానే నేను కూర్చుంటాను. గీసెయ్."

బయటివాళ్ళు, "వద్దురా! గీయించుకోకురా!" అని గోల పెట్టారు. కుర్చీలో ఉన్నవాడు లేవగానే మార్సియాల్ నిజంగానే కూర్చున్నాడు. తాత చెయ్యి ఇంకా నిలకడగానే ఉంది. కత్తి చేతిలో ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అడిగినది ఎదురుగా, మెడ చాపుకుని ఉంది.

తాత రెండు వేళ్ళతో ఆ గడ్డం ఎత్తి చూశాడు. బీరు, రంగు కాగితాలు, ఎండిన నెత్తురు.

"లే" అన్నాడు.

"ఏం మామా?"

"ఊరు ఊరంతా ఈ గడ్డాన్ని చూట్టానికి రోడ్డు మీద నిలబడితే నేను గీసి చీపురుతో ఊడ్చెయ్యాలా? లే. అదీగాక నీ ముందు తొమ్మిదిమంది ఉన్నారు. నా కొట్టులో వరస తప్పనివ్వను."

మార్సియాల్ లేచాడు. కార్మోడీ పక్కన కూర్చుని రెండు గరిటెల బీన్స్ తిన్నాడు. పోతూ పోతూ తాత బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టాడు. తాత ఆ బుగ్గ తుడుచుకుని, "ఛీ, బీరు కంపు. తరవాతెవరయ్యా?" అన్నాడు.

ఆఖరివాడు వాళ్ళ గోలీ, అంటే గోల్ కాసేవాడు. సగం గడ్డం అయ్యేసరికి మధ్యాహ్నమైంది, వంతెన తెరిచారు, బస్సువాడు హారన్ మోగించాడు. సరిగ్గా అప్పుడే తాత చెయ్యి వణకడం మొదలైంది. కత్తి పక్కన పెట్టాడు. గోలీ అద్దంలోంచి చూశాడు. తన చెయ్యి పైకెత్తి తాత మోచెయ్యి కింద పెట్టాడు. గంటకి నూట యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే పక్‌ని పట్టే చెయ్యి అది, ఇసుమంతైనా కదల్లేదు. ఇద్దరూ కలిసి మిగతా సగం పూర్తిచేశారు. ఈలోగా బస్సువాడు ఇంకో మూడుసార్లు హారన్ కొడితే మామ్మ ఒక గిన్నెతో బీన్స్ పట్టుకెళ్ళి ఇచ్చింది. మళ్ళీ హారన్ వినబడలేదు.

బస్సు వెళ్ళాక తాత గీయించుకునేవాళ్ళ కుర్చీలో వెనక్కి వాలాడు. కాళ్ళు చాపాడు. నేలంతా రాగి, నలుపు, గోధుమ రంగు వెంట్రుకలు.

"ఆ రెండోవాడి దవడ చూశావా? అలాంటి దవడ మన జట్టులో ఒక్కడికి లేదు."

"గెలిచిన గడ్డం చేతికొస్తే వదిలేశావుగా తాతా? బాధ లేదూ?"

"దాన్ని గీయడం నాకు రాదే కోతీ. నాకొచ్చింది ఇదే. ఇరవైమంది, ఒక్క గాటు లేదు." కళ్ళు మూసుకుని, నవ్వుకుంటూ అలాగే నిద్రపోయాడు.

అన్నట్టుగానే జూన్‌లో కొట్టు మూశాడు. ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు, ఇరవైమంది, ఒక్క గాటు లేదు అని. నిజానికి గోలీ చెవి కింద చిన్న గాటు పడింది. నేను దూది అద్ది, నోరు మెదపొద్దని అతనికి సైగ చేశాను. ఇది చదివితే తాతకి తెలుస్తుంది. ముందు కళ్ళజోడు దొరకాలిగా, చూద్దాం.