జగన్నాథప్ప హాజరు

జగన్నాథప్పకు ఒకటే జబ్బు: హాజరు పిలవడం. మనిషి ఎదురైతే పేరు పెట్టి పిలుస్తాడు. "ఉండాను" అనేదాకా వదలడు.

మా ఊరి బంగారు గని నడిచినన్నాళ్ళూ ఆయన టైమ్ ఆఫీసులో గుమాస్తా. లోపలికి దిగినవాళ్ళలో ఆఖరి మనిషి పైకొచ్చి పలికేదాకా గుమాస్తా కుర్చీ దిగకూడదని అక్కడి ఆనవాయితీ. గని మూతపడింది. మా కోరమండల్ కాలనీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి, మిగతా సగం పెచ్చులూడాయి. జగన్నాథప్ప మాత్రం కుర్చీ దిగలేదు. పెళ్ళి పంక్తిలో హాజరు పిలిస్తే సాంబారు చల్లారేది. నా భార్య అంబుజమ్మ పోయినప్పటి నుంచి నాకూ పొద్దున్నే గోడవతల నుంచి పిలుపు. చదువుతున్న పేజీ కాస్తా తప్పిపోయేది.

మా వీధి సీనప్ప చనిపోతే పాడె దగ్గరా పిలిచాడు. "సీనప్పా! ఒరే సీనప్పా!" అందరం బిగుసుకుపోయాం. కాసేపు చూసి, "పలకలా. ఇంగ ఎత్తండప్పా," అన్నాడు.

మా వీధి శ్రీరక్ష రోజూ రైల్లో బెంగళూరు కాలేజీకి పోయేది. అక్కడి పిల్లలు కలిసి చక్కెర డబ్బా అంత ఉపగ్రహం చేశారు. దాని రేడియో శ్రీరక్ష పని. రాకెట్టు దాన్ని పైన వదిలింది. అది ఒక్క కూతా కూయలేదు. అందరి వేళ్ళూ రేడియో వైపే తిరిగాయి. పిల్ల కాలేజీ మానేసి తలుపేసుకుంది.

జగన్నాథప్ప వెళ్ళి ఆ తలుపు బాదాడు.

"అది పోయింది తాతా."

"నేను హాజరు పిలవకుండానే? యాంటెన్నా తీసుకోని మిద్దెక్కమ్మా. అది మన మీదుగా ఎప్పుడు పోతాదో నువ్వే చెప్పల్ల."

ఇక రోజూ అదే తంతు. బంగారం తీసి పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల దుమ్ము మొహాన కొడుతుంటే పిల్ల చేపముల్లులాంటి యాంటెన్నా తిప్పేది. ఈయన ఆకాశంకేసి అరిచేవాడు. రేడియోలో బర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మళ్ళ రేపు ఎప్పుడమ్మా?"

లెక్క కట్టాలంటే పిల్ల రేపటి గురించి ఆలోచించక తప్పేది కాదు.

ఒకనాడు తనే అంది: "పైకి పోయినాక, మడిచి కట్టిన దాని యాంటెన్నా విచ్చుకోలేదేమో తాతా. ఇంగోటి చేస్తే అట్ల కట్టకూడదు."

ఆ సోమవారం మళ్ళీ కాలేజీ రైలెక్కింది.

"అది పలకదని నీకు తెలీదా అప్పా?" అన్నాను జగన్నాథప్పతో.

"మొదటి దినమే తెలుసు. సీనప్ప పలికితే అదీ పలుకుతాది."

"మరి ఎందుకు అంత గొంతు చించుకుంటివి?"

"పైకి పోయింది పలకలేదు. తలుపేసుకున్నది పలికింది గదప్పా."

మర్నాడు పొద్దున గోడవతల నుంచి పిలుపొచ్చింది. "వెంకటేశయ్యా!"

పుస్తకం మూసి, కావాలనే ఊరకున్నాను.

"వెంకటేశయ్యా! పలకవా? ఇంగ ఎత్తించేదా?"

"ఉండానప్పా, ఉండాను!"