తీగలు నేలకి దించిన మా పక్కింటి అత్త

మా పక్కింటి అత్త పోయారని పోయిన గురువారం పొద్దున్న తెలిసింది. నేను బడిలో హాజరు వేస్తున్నాను. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "టీచరమ్మా, అమ్మ నేదు" అని మాత్రం చెప్పింది. స్టవ్ మీద టీ గిన్నె పెట్టి, గోడకి ఆనుకుని అలాగే ఒరిగిపోయారట. హాజరు పట్టీ బల్ల మీద పెట్టేశాను. పిల్లలే ఒకరి తర్వాత ఒకరు లేచి హాజరు చెప్పుకున్నారు.

అరకులో కొండవాలు మీద ఉంది మా కాలనీ. ఇప్పుడు మా వీధుల్లో కరెంటు స్తంభాలు లేవు, తీగలు లేవు. అన్నీ నేల కిందే. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు మొదటినుంచీ ఇలాగే ఉందనుకుంటారు. అలా కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను సాలూరు నుంచి టీచరుగా ఇక్కడికి వచ్చేసరికే ఆవిడ కరెంటు ఆఫీసులో అటెండరు. ఆవిడ భర్త లైన్‌మేన్. ఒక గాలివానలో, తీగల మీద విరిగిపడ్డ కొమ్మను తీయడానికి మా కాలనీ మలుపులో ఉన్న స్తంభం ఎక్కి, పైనే ప్రాణం వదిలారు. ఆయన పోయినందుకు ఆవిడకి ఆ ఉద్యోగం ఇచ్చారు. చేరిన రోజున వేలిముద్ర వేశారు. ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి ఫైళ్ళు మోస్తూ, వాటి మీది పేర్లను కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నారు. నేను వచ్చేనాటికి లైన్ల మ్యాపు మీద వేలు పెట్టి ఏ ఇల్లు ఎక్కడుందో చూపించేవారు.

కొన్నేళ్ళ కిందట తుఫాను వచ్చినప్పుడు ఒక సిల్వర్ ఓక్ చెట్టు తీగల మీద పడింది. తెగిన తీగ బడిదారిలో నిలిచిన నీళ్ళలోకి జారింది. అందులో కరెంటు ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఆవిడ ఆ దారికి అడ్డంగా చేతులు చాచి నిలబడి, వచ్చిన పిల్లలందరినీ కసిరి వెనక్కి పంపారు. నేను గొడుగు తీసుకెళ్ళి, "నేను నిలబడతాను, మీరు ఇంట్లోకి వెళ్ళండత్తా" అన్నాను.

"నీ మాటకి గుంటలు బయపడరమ్మా. నువ్వెల్లి ఆఫీసుకి ఫోన్ సెయ్యి, బేగి" అన్నారు, నా వైపు తిరగకుండానే.

సరఫరా ఆపించి మనుషులు వచ్చేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. సాయంత్రం తడి జుట్టు విదుల్చుకుంటూ మా ఇంటికి వచ్చి, "ఒక కాయితం రాసి పెట్టు టీచరమ్మా. తీగలు నేల్లోకి దించమని రాయి" అన్నారు.

"ఈ కొండ మీద కుదురుతుందా అత్తా?"

"కింద పట్నంలో దించుతున్నారని ఇంజినీర్లు అనుకుంటంటే ఇన్నాను. అక్కడ ఈసే గాలే కదేటి మన మీదికీ వచ్చేది?"

రాశాను. కాలనీ అంతా సంతకాలు పెట్టింది కానీ నమ్మి పెట్టినవాళ్ళు తక్కువ. ఆవిడ మాత్రం ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో మడిచి, వాన పడితే నడుము దగ్గర చీరలో దోపుకుని, ఆఫీసు నుంచి ఆఫీసుకి తిరిగారు. ఎవరైనా నవ్వితే, "కాయితానికి కాళ్ళుండవు బాబూ, మనమే నడిపించాల" అనేవారు. అలా మూడేళ్ళు నడిపించారు. ఈలోగా రిటైరయ్యారు. తిరగడం ఆపలేదు.

చివరికి ఒక ఇంజినీరు వచ్చి చూశారు. మా మీదుగానే పై ఊరికి కరెంటు పోతుంది. వీధి కింద అంతా బండరాయి కనక, కేబుల్‌ని ఆ ఊరి తాత ఒకాయన రాగులు పండించే చోడి చేను అంచు నుంచి తీసుకెళ్ళాలన్నారు. తాత ఒప్పుకోలేదు. ఆ అంచునే వాళ్ళ దేవత రాయి ఉంది.

"అమ్మ కింద నుంచి కరెంటు పోతే ఊరుకుంటాదేటి?" అన్నాడాయన.

అత్త వాదించలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆయన చేలో కలుపు తీయడానికి కూర్చున్నారు. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు నేనూ వెంట వెళ్ళాను. మధ్యాహ్నం అంబలి తాగుతుండగా తాతే అడిగాడు.

"నీ మొగుడు ఆ తంబం మీదేనా పోయింది?"

"అక్కడే అన్నా."

"మరి ఆ కరెంటు మీద నీకు కోపం నేదా?"

"కరెంటు ఏటి సేసింది? గాలికి ఊగే సోట కట్టాం, అది ఊగింది. నేల్లో ఎడితే కుదురుగా ఉంటాది."

తాత అంబలి గిన్నె కింద పెట్టాడు. తర్వాత లేచి ఒక కర్ర పట్టుకుని, దేవత రాయికి దూరంగా, చుట్టూ తిప్పి నేల మీద గీత గీశాడు. "ఇలాగ తవ్వండి. అమ్మకి నేను సెప్పుకుంటాను." ఇంజినీరు వచ్చి ఆ గీతనే మ్యాపులో వేసుకున్నారు.

ఆ వాలు మీదికి యంత్రం ఎక్కలేదు. చేత్తోనే తవ్వాం. పై ఊరివాళ్ళు, మా కాలనీవాళ్ళు, సెలవు రోజుల్లో మేం టీచర్లం. నా అరచేతులు బొబ్బలెక్కితే ఆవిడ పసుపు నూనె రాసి, మళ్ళీ గునపం చేతికిచ్చారు.

కేబుల్ వచ్చిన రోజును మాత్రం నేను బతికినంతకాలం మరవలేను. బండిచక్రమంత పెద్ద చెక్క డ్రమ్ముతో వచ్చిన లారీ కొండ కిందే ఆగిపోయింది. ఇక భుజాల మీద మోయడమే దారి. డ్రమ్మును తిప్పుతూ కేబుల్ వదులుతుంటే, ఒక్కొక్కరే కిందికి వంగి భుజానికెత్తుకున్నారు. రిటైరైన హెడ్మాస్టారి వెనక కాఫీ గింజలేరే ఆడవాళ్ళు, వాళ్ళ వెనక తాత, ఆయన కొడుకులు, బ్యాంకు ఉద్యోగులు. అందరి భుజాల మీదా ఒకటే నల్లటి బరువు. ఒకరు తప్పటడుగు వేస్తే అందరూ తూలతారు. అత్త పక్కన నడుస్తూ, "ఎయ్యి... ఆగు... ఎయ్యి..." అంటుంటే, ఆ మాటకి వరసంతా ఒక్క అడుగు వేసి ఆగేది. మలుపు తిరిగాక నేను వెనక్కి చూశాను. కొండ అడుగు నుంచి నా దాకా మనుషులే. ఇంతమంది ఒక్క ఊపిరిగా నడవగలరని నాకు అప్పటిదాకా తెలియదు. కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఇసుక పరిచి, కేబుల్ వేసి, పైన ఇటుకలు పేర్చి మట్టి కప్పాం. సరఫరా ఇచ్చిన రోజు తాత ఇంట్లో బల్బు వెలిగిందని పైనుంచి కేక వినబడింది. ఆవిడ ఆ మట్టి మీద అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చున్నారు.

తర్వాతి వారం పాత స్తంభాలు తీశారు. మలుపులో ఉన్నదాన్ని ఆఖరికి ఉంచారు. లైన్‌మేన్లు ఆవిడ కోసం కబురు పంపితే నేనూ వెళ్ళాను.

"ఇరగ్గొట్టకండి బాబూ. మెల్లిగా దించండి" అన్నారావిడ.

తాళ్ళు కట్టి, మనిషిని పడుకోబెట్టినట్టు దించారు. ఆవిడ దాని మీద చెయ్యి వేసి అటునుంచి ఇటు దాకా నడిచారు. తర్వాత నా పక్కకి వచ్చారు.

"ఇన్నేళ్ళు దీని పక్కనుంచే ఆఫీసుకెల్లాను టీచరమ్మా. ఒక్కనాడూ తల ఎత్తనేదు."

అప్పుడు ఎత్తారు. మంచు విడిపోతోంది. ఇళ్ళ కప్పుల వెనక నుంచి కొండ మొత్తం బయటపడింది. కింద కాఫీ తోటలు, నడుమ చోడి చేల పసుపు, పైన అడవి, ఆ పైన నల్లటి రాతి కొమ్ము. ఆవిడ మెడ వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా చూస్తూ ఉండిపోయారు.

"ఇంత కొండా మన ఇంటెనకాల ఉంది?" అన్నారు మెల్లిగా.