ఆఖరుకు దిగేటోడు

ఆయనను మేమందరం లీడర్ అనేటోళ్లం. సచిన్ అనే ఊరి దిక్కు ఒక్క కార్ఖానలనే మగ్గాలు నడుపుతుంటిమి. సెలవునాడు డిండోలి బస్తీల ఎవరి రూముల వాళ్లం కూసొని, ఫోన్ల విమానాల యుద్ధం గేమ్ కలిసి ఆడేటోళ్లం. మగ్గాల మోతకు చెవులు మందమై, ఆయన హెడ్‌ఫోన్ల గూడ ఒర్రుకుంటనే మాట్లాడేటోడు. గేమ్‌ల యుద్ధం అయినంక ఒక్కొక్కని పేరు పిలిచి "దిగినవా?" అని అడిగేటోడు. అందరు దిగేదాక ఆకాశంల చక్కర్లు కొట్టి, ఆఖరుకు తను దిగేటోడు.

జరమొచ్చి నాగా వెట్టిన్నని శేఠ్ నన్ను పనిలకెళ్లి తీసేసిండు. నన్ను మళ్ల తీసుకునేదాక నడిపేది లేదని మావోళ్లు మగ్గాలు బంద్ వెట్టిండ్రు. లీడరే లోపలికి వోయి మాట్లాడిండు. బయటికొచ్చి చెయ్యెత్తి వేలు గిర్రున తిప్పిండు. మోతల మాట వినవడది గనుక, మగ్గం షురూ చెయ్యమని మా సైగ అది. ఎందుకని ఒక్కడు అడగలే. గేమ్‌ల ఆయన తిరుగుమంటే తిరిగి అలవాటైనోళ్లాయె. మగ్గాలన్నీ మోగినయ్, నేను మాత్రం గేటు బయటనే నిలవడ్డ. తెల్లారి ఆయన సూపర్‌వైజర్ అయిండు.

గేమ్‌లకెళ్లి మాత్రం నన్నెవ్వరు తీసెయ్యలే. సెలవునాడు మళ్ల ఆడినం. అందరు దిగిండ్రు, నేను కావాల్నని దిగలే. ఆయన నా సుట్టే తిరిగి తిరిగి, ఆయిల్ అయిపోయి సముద్రంల కూలిండు.

"దిగకపోతివేంది లీడరూ?" అన్న.

"నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల దిగుత తమ్మీ?" అన్నడు.

మనసుల ఉన్న మాటే అన్నడు. గదే నాకు ఇంకా మండుతది.