లేని బావి

సైన్యం నుంచి వచ్చేశాక అతను ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండలేదు. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ ఇచ్చి స్టూలు మీద కూర్చోబెడితే, కూర్చోవడం తన వల్ల కాదని మానేశాడు. గోదాముకు కాపలా పెడితే దాని చుట్టూ తిరిగి తిరిగి అక్కడి కుక్కలకు కూడా విసుగు పుట్టించాడు. ఇంట్లో ఉన్న రోజు మరీ ఘోరం. ముందు గదిలో బీరువాను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపేవాడు, సాయంత్రానికి మళ్ళీ ఈ గోడకే తెచ్చేవాడు. కుట్టుమిషను ముందు కూర్చున్న భార్య దారం తెంపుతూ, ఆ కాళ్ళు నొప్పి పుట్టడం లేదేమో గానీ చూసీ చూసీ తనకు కళ్ళు నొప్పి పుడుతున్నాయనేది.

ప్రభుత్వ సర్వేయరు ఉద్యోగాలు పడ్డాయనీ, వాటిలో కొన్ని మాజీ సైనికులకు ఉంచారనీ తెలిసి ఆమే దరఖాస్తు తెచ్చి చేతిలో పెట్టింది. రోజంతా నడిచే ఉద్యోగం, పైగా సర్కారుది. ఇంతకంటే ఈయనకు నప్పేది ఇంకోటి లేదనుకుంది. నప్పేదే, కాకపోతే పరీక్ష రాయాలి. పదో తరగతి చదివే కూతురు వంటింటి బల్లకు అవతల కూర్చుని త్రిభుజాలూ కోణాలూ నేర్పింది. తప్పు చేస్తే నాన్న అని కూడా చూడకుండా పెన్సిలుతో వేళ్ళమీద ఒక్కటిచ్చేది. అలా దెబ్బలు తిని తిని గట్టెక్కాడు.

సర్వే ఆఫీసులో అందరూ అతన్ని "మిలిటరీ" అన్నారు. మిగతావాళ్ళు ఫ్యాను కింద కుర్చీలు చూసుకుంటుంటే, అతను మూలనున్న కొలత గొలుసు తీసి బయల్దేరేవాడు. గొలుసు రెండో కొస పట్టే పెద్దాయనకు ఆ ఉద్యోగంలోనే జుట్టు నెరిసింది. ఈ సారు వచ్చాక టీ తాగే తీరిక కూడా పోయిందని ఆయన దారి పొడుగునా సణిగేవాడు. సణుగుతూనే ఇష్టపడ్డాడు. ఇక మిగిలింది ఉద్యోగం ఖాయం కావడం. అతను కొలిచిన చేలల్లో ఒకదాన్ని ఇన్‌స్పెక్టరు ఎంచుకుని మళ్ళీ కొలిపిస్తాడు. సరిపోయిందని రాస్తే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే మళ్ళీ ఏ స్టూలో వెతుక్కోవాలి.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. సైన్యంలో అతను మందుపాతరలు వెతికి తీసే దళంలో ఉండేవాడు. అక్కడ నడవదగ్గ నేలకు రెండు వైపులా తెల్ల రిబ్బను కడతారు. రిబ్బను లోపల ఉన్నంతసేపే మనిషి మనిషి. ఆ బుద్ధి అతని కాళ్ళకు పట్టుకుంది. తారురోడ్డు మీదా, దున్నిన నేలమీదా, గట్టుమీదా మహారాజులా నడుస్తాడు. ఎవరూ తొక్కని మోకాలెత్తు గడ్డి ఎదురైతే మాత్రం ముచ్చెమటలు పోస్తాయి, కాలు ముందుకు పడదు.

సర్వే శిక్షణలో దానికో ఉపాయం దొరికింది. కొలిచే గీతకు బావి అడ్డొస్తే లంబకోణాలు వేసుకుంటూ దాని చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ గీతలో కలవచ్చు. ఇంకేం, గడ్డి కనిపించిన చోటల్లా బావిని చుట్టినట్టు చుట్టి వచ్చేవాడు. ఎందుకు చుట్టావని ఎవరైనా అడుగుతారని పటంలో ఓ గుండ్రం గీసి "బావి" అని రాసేసేవాడు. గొలుసు పెద్దాయన ఇదేదో మిలిటరీ పద్ధతి కాబోలని నోరు మెదపలేదు. నేల చదునుగా ఉన్నచోట ఆ కోణాలు సరిపోయాయి, లేని బావుల గోల బయటపడలేదు. ఇలాంటి తెలివితేటలు ఎన్నాళ్ళు కాపాడతాయో మనకు తెలుసు, పాపం అతనికి తెలియదు.

ఒక ఊళ్ళో ఇద్దరు అక్కాచెల్లెళ్ళ చేను కొలవాల్సి వచ్చింది, అది ఏటవాలుగా ఉంది. తండ్రి పోయాక దాన్ని ఇద్దరికీ సగం సగం పంచాలి, నడుమ హద్దు రాయి పాతాలి. ఆ నడుమే నిండా గడ్డి. అతను చుట్టి వచ్చాడు. వాలులో కోణం జారింది, రాయి చెల్లెలి వైపు జరిగి పడింది. ఆ చేలో కూరగాయలు పండించుకుని బతికేది చెల్లెలే. ఓ బండి నడిచేంత నేల తన చేతిలోంచి పోయిందని ఆమె రాయిని చూసిన క్షణంలోనే పసిగట్టి ఆఫీసులో ఫిర్యాదు పెట్టింది. అక్కగారి మొగుడు సర్వేయరు చెయ్యి తడిపాడని ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు. ఇన్‌స్పెక్టరు ఆ చేనునే ఎంచుకున్నాడు.

అది తెలిసిన దగ్గర్నుంచి మిలిటరీకి కంటిమీద కునుకు లేదు. అన్నం ముందు కూర్చుని లేస్తాడు, లేచి ఎక్కడికో తెలియక మళ్ళీ కూర్చుంటాడు. ఎవరికీ చెప్పకుండా తనే వెళ్ళి తిన్నగా కొలిచి రాయి సరిచేద్దామని ఒక పొద్దున్న బస్సెక్కాడు. గడ్డి అంచున నిలబడ్డాడు. గాలికి గడ్డి ఊగుతోంది, అంతే. ఒక్కడుగూ వెయ్యలేకపోయాడు. వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చేశాడు. ఎక్కడికెళ్ళారని భార్య అడిగితే కూరలకన్నాడు. చేతిలో సంచీ కూడా లేదు. ఆమె ఆ ఖాళీ చేతులు చూసి మళ్ళీ మిషను తొక్కింది.

కొలత రోజున చేనుగట్టు మీద ఊళ్ళో పని లేనివాళ్ళంతా చేరారు. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత కొరుకుతూ పటం చూశాడు, చేను చూశాడు, మళ్ళీ పటం చూశాడు. ఆయన నిదానస్తుడు. గొంతు పెంచడం ఆయనకు రాదు.

"ఏమయ్యా, ఇక్కడ బావి గీశావు. బావి ఏదీ?"

మిలిటరీ పటం వైపు చెయ్యి చాపాడు. అంతలో అక్కగారి మొగుడు ముందుకొచ్చి, పాత బావి ఒకటి ఉండేదనీ, మొన్న మొన్ననే పూడ్చేశారనీ, పాపం సర్వేయరు గారు దాన్ని తప్పించే కొలిచారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఊరి అల్లుడి మాట కాదనడానికి ఊళ్ళోవాళ్ళకూ మొహమాటం. చెల్లెలు తెల్లబోయింది. ఇన్‌స్పెక్టరు తల ఊపుతూ, బావి ఉండి ఉంటే చిన్నా చితకా తేడా సహజమేననీ, ఔనంటే సంతకం పెట్టేస్తాననీ అన్నాడు.

ఔను అంటే చాలు. ఉద్యోగం నిలుస్తుంది, ఇల్లు నిలుస్తుంది. కాదంటే ఏం చెప్పాలి? డబ్బు తిన్నాడనుకుంటే అనుకోనీ, అలాంటివాళ్ళను లోకం రోజూ చూస్తూనే ఉంది. సిపాయి గడ్డికి భయపడ్డాడంటే తలెత్తుకునేదెలా? నిజం చెప్పాలంటే అతను ఔనందామనే నోరు తెరిచాడు. చెల్లెలు తన వైపు చూడలేదు. ఆ కొత్త రాయి వైపు చూస్తోంది, అప్పుడే దానికి అలవాటు పడుతున్నట్టు. అది అతనికి భరించరానిదయింది.

"బావి లేదు సార్. ఎప్పుడూ లేదు. ఆ గడ్డిలో కాలు పెట్టలేక చుట్టూ తిరిగాను. సైన్యంలో నా ముందు నడిచేవాడు రిబ్బను దాటి గడ్డిలో ఒక్కడుగు వేశాడు. ఒక్కటే. అప్పట్నుంచీ నాకు భయం."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. గొలుసు పెద్దాయన వాడివైపు తిరిగి చూసిన చూపుకు ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అయితే ఇప్పుడు తిన్నగా కొలిచేదెవరని అడిగాడు.

మిలిటరీ గొలుసు ముందు కొస తన చేతిలోకి తీసుకున్నాడు. గడ్డి దాకా బాగానే వెళ్ళాడు. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. ఎంత మంది చూస్తున్నారో తెలుసు, అయినా ఆగిపోయాయి. అప్పుడు చెల్లెలు కొలతకు తెచ్చిన జెండా కర్ర ఒకటి పట్టుకుని గట్టు దిగి గడ్డిలోకి నడిచింది.

"ఆగు! అడుగు వెయ్యకు!"

అది సర్వేయరు గొంతు కాదు, సిపాయి గొంతు. గట్టుమీద అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె మాత్రం ఆగలేదు. గడ్డి మధ్యకు వెళ్ళి, కర్ర నేలలో దింపి, వెనక్కి తిరిగింది.

"ఇది నా చేనండీ. నేను రోజూ తిరుగుతూనే ఉంటాను. నన్నే చూస్తూ రండి."

అతను వచ్చాడు. ఒక్కో అడుగే వేస్తూ, కిందికి చూడకుండా, ఆమె మొహం చూస్తూ వచ్చాడు. ఆమెను దాటాక మిగిలిన గడ్డిలో చూసుకోవడానికి మొహం కూడా లేదు. పెద్దాయన వెనక నుంచి "పదండి సార్, పట్టుకునే ఉన్నా" అంటూనే ఉన్నాడు. అవతలి రాయి దగ్గరికి చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. రాయి పీకి సరైన చోట పాతారు.

ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఖాయం చెయ్యలేదు, తీసెయ్యనూ లేదు. గడువు ఇంకో ఏడాది పొడిగించాడు. ఈలోపు ఇంతవరకూ అతను తవ్విన బావులన్నీ అతనే పూడ్చాలన్నాడు. అంటే గడ్డి ఉన్న ప్రతి చేనూ మళ్ళీ కొలవాలి.

ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరిపోయింది. పెద్దాయన ఇంటివాళ్ళు వచ్చి చెప్పి వెళ్ళారు. భార్య మిషను ఆపి, కుడుతున్న బట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అతను గుమ్మంలోనే నిలబడి గడువు సంగతి ఎత్తబోయాడు.

"ఉద్యోగం మాట తర్వాత," అంది. "ఊరందరికీ చెప్పి ఆఖర్న నా దగ్గరికొచ్చారా?"

చెబితే ఇంట్లో కూడా ఆ గడ్డే మొలుస్తుందేమోనని భయపడ్డానన్నాడు. ఈ ఒక్కచోటైనా అది లేకుండా ఉండాలనుకున్నానన్నాడు. ఆమె ఒళ్ళోని బట్టను మడత పెట్టి మిషను మీద పెట్టింది. ఈసారి గొంతులో కోపం లేదు.

"మీ కాళ్ళు ఇంట్లో నిలవకపోతే, నేనంటే విసుగేమో అనుకున్నానండీ. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."