ఖాళీగా వచ్చిన బస్సు

మీకు తెలిసిన ఒక్క మాటను, అది తెలియవలసిన వారి ముందే నిలబడి, నోరు తెరిచి కూడా చెప్పకుండా మింగేస్తే, దాన్ని మీరు అబద్ధం అంటారా?

నేను అనలేదు. చాలా ఏళ్ళు అనలేదు. అబద్ధానికి ఒక నిర్వచనం తయారు చేసుకుని, అందులో నేను పట్టకుండా జాగ్రత్తపడ్డాను. కాలేజీ చర్చాపోటీలలో నేను నేర్చుకున్న విద్య అదే: ముందు పదానికి హద్దులు గీయాలి, తరువాత ఆ హద్దుల బయట నిలబడి వాదించాలి. కానీ ఆ మాట అప్పటి నుంచీ నా గొంతులోనే ఉంది. ఎవరైనా మామూలుగా "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగినా ఉలిక్కిపడతాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడం వల్లే చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. మార్చినది అంతవరకే.

సునామీ వచ్చి వెళ్ళిన తరువాతి కాలం అది. మా ఇల్లు పోర్ట్ బ్లెయిర్ పక్కన ప్రోతరాపూర్‌లో, ఎత్తు మీద. మాకు గోడలు బీటలు వారాయి, అంతకు మించి ఏమీ పోలేదు. ఫెరార్గంజ్ దాటాక ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఒక తెలుగు మత్స్యకారుల ఊరు మాత్రం సగం నీళ్ళపాలైంది. నేల కుంగిపోయింది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వాళ్ళ వంటగదుల్లోకి వచ్చి పోయేది. వాళ్ళను ట్రంకు రోడ్డు పక్కన రేకుల షెల్టర్లలోకి మార్చారు. ఎండకు ఆ రేకులు కాలేవి, వానకు మనిషి మాట మనిషికి వినిపించకుండా మోగేవి.

ఆదివారాలు అక్కడ ఒక షెడ్డులో తెలుగు ఆరాధన జరిగేది. పాస్టరు గారితో నేనూ వెళ్ళేదాన్ని. చివర ప్రకటనలు చెప్పడం నా పని. మా ఈడువాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. మా నాన్న తెలుగు టీచరు కాబట్టి నాకు వచ్చు. బియ్యం ఎప్పుడిస్తారు, డాక్టరు ఎప్పుడొస్తాడు, ఎవరింట పెళ్ళి, అన్నీ నా నోటి నుంచే వాళ్ళకు చేరేవి. ప్రార్థన ముగిశాక వచ్చే మాట అది. దాన్ని అక్కడ ఎవరూ అనుమానించరు.

ఆ రోజుల్లోనే ఒక చర్చాపోటీలో చీటీ తీస్తే నాకొక అంశం వచ్చింది: రాష్ట్రాల శాసనసభలకు జరిగే ఉప ఎన్నికలు పార్టీలకు ఎందుకు ముఖ్యం? శాసనసభే లేని దీవుల్లో పుట్టి పెరిగినదాన్ని, అయినా ఊగిపోయి మాట్లాడాను. ఒక్క ఖాళీ స్థానమే కదా అని తీసిపారేయకండి అన్నాను. బలాబలాలు సమానంగా ఉన్న సభలో ఆ ఒక్కటే ప్రభుత్వాన్ని నిలబెడుతుంది, పడగొడుతుంది. పెద్ద ఎన్నికకు ముందు పార్టీ తన నాడి తాను పట్టి చూసుకునేది అక్కడే. కొత్త మనిషిని, కొత్త నినాదాన్ని పరీక్షించుకునేదీ అక్కడే. అన్నిటికంటే ముఖ్యం, ఉప ఎన్నికకు జనం తక్కువగా కదులుతారు. కనుక ఎవరు వచ్చారన్న దానికంటే ఎవరు రాలేదన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఆ చివరి మాటకు హాలంతా చప్పట్లు కొట్టింది.

చప్పట్లు కొట్టినవారిలో ఒక పార్టీ కార్యకర్త ఉన్నాడు. అందరూ అతన్ని భయ్యా అనే పిలిచేవారు. కొన్ని వారాలకు మా జిల్లా పరిషత్ సభ్యుడొకరు జబ్బు చేసి పోయారు. ఉప ఎన్నిక వచ్చింది. పరిషత్‌లో రెండు పార్టీల బలం సమానం. ఆ స్థానం ఎవరిదైతే అధ్యక్ష పదవి వారిది. పార్లమెంటు ఎన్నికకు ముందు దీవుల్లో గాలి ఎటు వీస్తోందో తేల్చేదీ అదే. నేను వేదిక మీద చెప్పినదంతా నడిచి మా ఊరి బస్టాపుకు వచ్చినట్టయింది.

అయితే మూడో మనిషి కూడా నిలబడ్డాడు. అప్పన్న. షెల్టర్లో ఉండేవాడు, పడవ మనిషి, పార్టీ లేదు. అతనికి కావలసింది ఒక్కటే. శాశ్వత ఇళ్ళు ఎక్కడ కట్టాలో పరిషత్‌లో చర్చకు రాబోతోంది. అధికారులు అనుకుంటున్న స్థలం కొండవైపు, పడవలకు బాగా దూరం. రేవుకు నడిచి వెళ్ళగలిగే చోట కట్టమని లేచి అడిగే గొంతు ఒకటి లోపల ఉండాలి. రెండు పార్టీలూ సమానంగా ఉన్న చోట ఆ ఒక్క గొంతును ఇద్దరూ బతిమాలవలసి వచ్చేది. షెల్టరంతా అతని వెనకే ఉంది. ఆ సంగతి భయ్యాకూ తెలుసు.

"కమాల్ బోలీ, అదరగొట్టావు చెల్లీ!" అన్నాడు నన్ను కలిసి. "ఇప్పుడదే తిరగేసి చెప్పగలవా? ఉప ఎన్నిక చిన్నదని?"

అబద్ధం చెప్పమని అతను అడగలేదు. అది ఒప్పుకోవాలి. పోర్ట్ బ్లెయిర్‌లో జరిగే సభలో, మెయిన్‌లాండ్ నుంచి వచ్చే నాయకుల ముందు నాకు మైకు ఇప్పిస్తానన్నాడు. దానికి ఆశపడ్డానా? పడ్డాను. కానీ అది లేకపోయినా పడిపోయేదాన్నేమో. తిరగేసి చెప్పగలవా అన్నాడు చూడండి, అక్కడే నా కాలు జారింది. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షం నెగ్గించడం నాకు గర్వం. ఎదుటి పక్షాన ఒకరుంటారని, వారు లేచి నన్ను ఖండిస్తారని, ఆ తరువాతే తీర్పు వస్తుందని నాకు అలవాటు. ఆ రేకుల షెడ్డులో ఎదుటి పక్షం లేదు. అది నాకు తెలియదా? తెలుసు.

షెల్టరు వాళ్ళ ఓట్లు ఇంకా పాత ఊళ్ళోనే ఉన్నాయి. పోలింగు అక్కడి బడిలో. ముందు రోజు ఆదివారం. పాస్టరు గారు మరో చోట ఆరాధనకు తొందరగా బయలుదేరుతూ నా చెవిలో వేశారు: "రేపు పొద్దున్న సర్కారు బస్సు షెల్టరు గేటు దగ్గరికే వస్తుందట. బడి దాకా తీసుకెళ్ళి మళ్ళీ దింపుతుంది. అప్పన్నకు కబురు పంపాను, మనవాళ్ళకు నువ్వు చెప్పు. మరిచిపోకమ్మా."

నేను మరిచిపోలేదు.

బియ్యం సంగతి చెప్పాను. డాక్టరు సంగతి చెప్పాను. తరువాత, రేపు జరిగేది ఉప ఎన్నిక అన్నాను, మిగిలిన కొద్ది కాలానికే, దీని తరువాత పెద్ద ఎన్నిక ఎలాగూ వస్తుంది, దారి బాగాలేదు, వాన పట్టేలా ఉంది, ఎవరి వీలు వారు చూసుకోండి అన్నాను. ఒక్కొక్క మాటా నిజమే. అక్కడ ఆపాను. బస్సు మాట నోటి దాకా వచ్చింది. ప్రకటనల పుస్తకం మూశాను.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే సుగుణ దీదీ వచ్చింది. అప్పన్నకు వదిన. భర్త పోయాక మరిదితో కలిసే సంసారం ఈదుకొస్తోంది. షెల్టర్లో ఆమె కదిలితే అందరూ కదులుతారు. ఆ భరోసాతోనే అప్పన్న ఇక్కడి జనాన్ని ఆమెకు అప్పగించి పాత ఊళ్ళో తిరుగుతున్నాడు.

"ఏటమ్మా, రేపు బస్సేత్తారని ఎవులో అన్నారు. సచ్ బోల్, నిజం సెప్పు, నీకేటైనా తెలిసిందా?"

"నాకెవరూ చెప్పలేదు, దీదీ." ఈ ఒక్క మాట మాత్రం నేను గీసుకున్న ఏ హద్దు బయటా నిలవదు.

"ఏదో నోటీసంటించారట. మా మరిదికి హిందీలో తిట్టడం వొచ్చుగానీ సదవడం రాదు. అలాటోడు మెంబరీకి నిలబడ్డాడు, మా కర్మ సూడు!" అని పకపకా నవ్వింది. "పోన్లే, బస్సే ఉంటే నువ్వు సెప్పవా ఏటి?"

నేనూ నవ్వాను.

"నేనంటే అడ్డదారిన నడిసెల్తాను, మరిది గదా. ఈళ్ళందరినీ కూలి మానుకుని నడవమని ఎలాగంటాను? పెద్ద ఎలక్షన్‌కి ఏత్తారులే, నువ్వన్నట్టే."

నువ్వన్నట్టే. ఆ మాట దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో!

మర్నాడు నేను పాత ఊరి బడి బయట భయ్యా మనుషులతో కూర్చున్నాను. బస్సు వచ్చింది. ఖాళీ సీట్లు. డ్రైవరు దిగి, గేటు దగ్గర ఎంత హారను కొట్టినా ఎవరూ లేరని, అందరూ రోడ్డు పని లారీలో అప్పటికే వెళ్ళిపోయారని చెప్పాడు. అప్పన్న ఆ బస్సు లోపలికి ఎక్కి చూశాడు. ఎందుకు ఎక్కాడు? సీట్ల కింద మనుషులుంటారా? దిగి, టైరు పక్కన నిలబడ్డాడు. కాసేపటికి ఖాడీ గట్టు మీద నుంచి సుగుణ దీదీ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా బురద. ఒక్కతే.

"వదినా, బస్సు నీ గుమ్మంలోకి వొచ్చింది," అన్నాడు. "జనాన్ని ఎవులికి అమ్మేసినావు?"

"బస్సా? నాకు తెల్దురా!"

"పాస్టరు గారు సర్చిలో సెప్పించారంట గదా!" అంటూ అతను నా వైపు తిరిగాడు.

నేను నోరు తెరిచేలోగా ఆమే అడ్డం వచ్చింది. "ఆ పిల్లనెందుకు సూత్తావు? ఆ పిల్లకీ ఎవులూ సెప్పనేదు."

తల దించుకున్నాను. ఆమె అబద్ధమాడుతుంటే చూడలేక దించుకున్నానని అతను అనుకున్నాడు. అతని ముఖంలో అది కనిపించింది. నా పిరికితనాన్ని అతను మర్యాదగా అర్థం చేసుకున్నాడు, ఆ మర్యాదే ఆమె మీద సాక్ష్యమైంది. అప్పుడైనా చెప్పవచ్చు. ఒక్క మాట. పోలింగు ఇంకా చాలాసేపు ఉంది, బస్సు అక్కడే ఉంది, రోడ్డు పని జరిగే చోటికి పంపవచ్చు. ఇవన్నీ ఆ క్షణంలోనే నాకు తోచాయి. అదే నా నేరం. తెలియక చేసినదేదీ ఇందులో లేదు.

అప్పన్న కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. షెల్టరు వాళ్ళలో సగం మంది వచ్చినా గెలిచేవాడు. ఇళ్ళు కొండవైపే కట్టారు. అక్కడి నుంచి రేవుకు వెళ్ళాలంటే బస్సు కోసం కాచుకోవాలి, పోటు ఎవరి కోసమూ కాచుకోదు. అప్పన్న పడవ అమ్మేసి, ఉత్తరాన ఇంకో దీవిలో ఉన్న రంగత్ వెళ్ళిపోయాడు. మళ్ళీ వదిన గడప తొక్కలేదు. పాస్టరు గారు మెయిన్‌లాండ్‌కు మారిపోయారు. ఆయన నన్ను ఏమీ అడగలేదు, అడగవలసి ఉంటుందని ఆయనకు తోచి ఉండదు. నాకు మైకు దొరికింది. ఆ సభలో ఏం మాట్లాడానో ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

నేనొక్కదాన్ని చెప్పినా ఫలితం మారేదా? ఓడినవాడు ఇంకో కారణంతో ఓడేవాడేమో, ఇళ్ళు ఎలాగైనా అక్కడే కట్టేవారేమో. ఈ వాదనను నేను నెగ్గించగలను. అందుకే దాన్ని నమ్మను.

సుగుణ దీదీ చేపల గంపతో బస్సులో కనిపిస్తే ఇప్పటికీ నాకు సీటు ఆపుతుంది. రంగత్ బస్సు ఎదురైతే తల తిప్పి చూస్తుంది. "సచ్ బోల్, నేనేటి తప్పు సేసాను?" అని నన్నే అడుగుతుంది. చెప్పాలని ఆమె పక్కన కూర్చున్నాను, చాలాసార్లు. దిగవలసిన చోటు వచ్చేది. దిగిపోయేదాన్ని.

ఇప్పుడు చెబుతున్నాను. బస్సు సంగతి నాకు తెలుసు. సుగుణ దీదీకి తెలియదు. ఆమె ఎవరినీ అమ్మలేదు. దీనివల్ల ఆమె నన్ను క్షమిస్తుందని నేను అనుకోను, అడగను కూడా. గొంతు మాత్రం కొంచెం ఖాళీ అయింది.

మీరు ఈ దీవుల్లో ఉండి, తెలుగు చదవడం వచ్చినవారైతే, నాకోసం కాదు, వాళ్ళకోసం ఒక పని చేయండి. అప్పన్న చదవలేడు. పేరు మార్చినా ఖాళీ బస్సు అనగానే గుర్తుపడతాడు. రంగత్ బజారులో, పడవల దగ్గర, ఆరాధన ముగిశాక, చదవలేనివాళ్ళు ఉన్న చోట దీన్ని పైకి చదివి వినిపించండి. ఒక్క మాట కూడా మింగకండి.